నోటినిండా నీళ్ళు, చేతిలో వాచకం

సీతాలు బారువ పిల్ల. పెళ్ళై సరిహద్దు దాటి ఒడియా వైపున్న రామయ్యపట్నం వచ్చినప్పుడు, ఏడో తరగతి దాకా చదివిన తెలుగు కూడా ఆమెతో పాటే వచ్చింది. వచ్చింది గానీ, ఇక్కడ దానికి పని దొరకలేదు. బస్సు బోర్డు ఒడియా, రేషన్ కాగితం ఒడియా, గోడమీద రాత ఒడియా. చదువుకున్న మనిషి కాస్తా కాపురానికి వచ్చిన రోజే వేలిముద్ర మనిషైపోయింది.

మొగుడు దాలయ్య ఏడాదిలో సగం మంగళూరు చేపల బోట్ల మీదే. ఇంట్లో ఉండేది అత్త కన్నమ్మ, బావ జగ్గన్న, బావ కూతురు రింకి. తోటికోడలు పోయాక రింకిని సాకింది సీతాలే. సాకిన పిల్లేమో బస్టాండులో అందరూ వినేలా అరిచేది.

"పిన్నీ, అది బెరంపురం బస్సు కాదే! ఛత్రపూర్‌ది! దిగు, దిగు!"

"మా సిన్నకోడలికి నోరుంది గానీ అచ్చరం నేదు," అని కన్నమ్మ ఇరుగుపొరుగుకి వినిపించేది. సీతాలు నవ్వేసి, ఇసకమీద ఎండుతున్న నెత్తళ్ళ చేపలు తిరగేసుకునేది.

రింకి ప్లస్ టూ ఒడియాలో పాసైంది. ఆ వీధిలో యూనివర్సిటీ ఎంట్రన్సుకి కట్టిన మొదటి పిల్ల అదే. బెరంపురంలో నెట్ సెంటర్‌కి తండ్రీకూతుళ్ళిద్దరూ వెళ్ళారు. రింకి పక్క గదిలో ఫోటో దిగుతుంటే, కంప్యూటర్ ముందున్న అబ్బాయి "భాష ఏది పెట్టమంటారు?" అన్నాడు. జగ్గన్న ఛాతీ విరుచుకుని "తెలుగు" అన్నాడు.

ఆ సంగతి హాల్‌టికెట్ వచ్చాకగానీ బయటపడలేదు.

"నాన్నా, బాస పేపరు తెలుగని ఎవులు పెట్టమన్నారు?"

"నానే సెప్పాను. మన బాస తెలుగు కాదేటి? జనాబా లెక్కలోళ్ళొచ్చినా ఇదే సెప్తాను."

"మాటాడ్డం తెలుగు నాన్నా! సదవడం ఒడియా కదా! తెలుగులో నాకు 'అ' కూడా రాదు!"

మార్చుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది. పరీక్షకి నెలన్నర కూడా లేదు. ఆ ఒక్క పేపరు పోతే సీటు పోయినట్టే, మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. "ఏడాది కూకుంటే ఆ సదువు తుప్పట్టిపోద్ది," అని కన్నమ్మ అప్పుడే మొదలెట్టింది. రింకి గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

పొయ్యి దగ్గర్నుంచి సీతాలు అంది: "నాకొచ్చు."

"నీకేటొచ్చే?" అంది కన్నమ్మ.

"తెలుగు సదవడం, రాయడం. ఏడు దాకా సదివాను అత్తా. మీరెవులూ అడగనేదు."

అనడం అనేసింది గానీ, ఇన్నేళ్ళూ ముట్టుకోని అక్షరాలు, ఉన్నాయో పోయాయో! మర్నాడు పొద్దున్నే రింకిని పక్కన కూర్చోబెట్టుకుని తడి ఇసకమీద వేలు పెట్టింది. 'అ' వచ్చింది. 'ఆ' వచ్చింది. వేలు దానంతటదే పరిగెత్తి, సగం గీసిన 'ఋ' దగ్గర టక్కున ఆగిపోయింది.

"ఇదేటి పిన్నీ?"

"దాంతో మనకి పనినేదు, పద ముందుకి."

ఇంట్లో తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు. సీతాలు పెట్టె అడుగునుంచి బారువ వాళ్ళ పెళ్ళికార్డులు తీసింది. ఒడియా అక్షరానికి నెత్తిమీద గొడుగుంటే తెలుగు అక్షరానికి తలకట్టు. అది త్వరగానే పట్టేసింది రింకి. కానీ ఒడియాలో సున్నాలా రాస్తే 'ఠ'. అందుకని పెళ్ళికార్డు పట్టుకుని గట్టిగా "శుభలగ్నఠ" అని చదివింది. సీతాలు కడుపు పట్టుకుని నవ్వింది.

"ఆ ముహూర్తానికి తాళి కడితే పెళ్ళికొడుకు పారిపోతాడే గుంటా!"

ఒత్తుల దగ్గర సీతాలుకే తడబాటు. సిగ్గుపడకుండా ఇచ్ఛాపురం వెళ్ళి ఒక వాచకం కొనుక్కొచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, కాకుల్ని అదిలిస్తూ చదివేవాళ్ళు.

నెల తిరిగేసరికి రింకి చదువుతోంది. అయితే ఒక పేచీ. పైకి చదివితేనే అర్థమయ్యేది. నోటితో పలికి, చెవితో వింటే "ఓహో, ఇదా!" అనేది. కళ్ళతో చదివితే మాత్రం అక్షరాలు అక్షరాల్లాగే కూర్చునేవి. మరి ఈ తెలుగు పుట్టినప్పటినుంచీ చెవిలోనే ఉంది కదా, కంటికి కొత్త.

"పరీచ్చలో ఇలా అరిస్తే బయటికి గెంటీరా?" అంది సీతాలు. అని, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నోట్లో పోసుకో. మింగొద్దు. ఇప్పుడు సదువు."

రింకి బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు మిటకరించి చూసింది. మొదటిరోజు పుస్తకమంతా తడిపేసింది. "ఈ పిల్లకి సదువు సెప్తన్నావా, పుక్కిలించడం నేర్పుతన్నావా?" అంది కన్నమ్మ. వారం పోయాక మాట నోట్లో కాక గొంతు వెనకాల ఎక్కడో పలకడం మొదలైంది.

పరీక్షకి సీతాలే తోడు వెళ్ళింది. జగ్గన్న మొహం చెల్లక చేపల వేటకి పోయాడు. బెరంపురంలో సెంటరు గేటు బయట, ఎవరిదో స్కూటరు నీడలో కూర్చుని, దారినపోయే ప్రతి బస్సు బోర్డూ చూసింది. ఒక్కటీ తెలియదు. లోపల పిల్లకీ ఇలాగే ఉంటే ఎలాగమ్మా, అనుకుంది.

రింకి బయటికొచ్చింది. చేతిలో నీళ్ళ సీసా ఖాళీ.

"ఏటయింది?"

"పేపర్లో ఇచ్చిన కతంతా సదివాను పిన్నీ. మొదట పెదాలు కదిలిపోతన్నాయి. సారు దగ్గరికొచ్చి, చుప్, అన్నాడు. నాను సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకున్నాను."

"మరి సారు?"

"నన్నే సూస్తా నిలబడ్డాడు. ఎప్పుడు మింగుతాదా అని."

ఇద్దరూ రోడ్డుమీదే నవ్వుకున్నారు.

మార్కులు బొటాబొటిగానే వచ్చాయి. కానీ సీటు వచ్చింది. ఆ రోజు జగ్గన్న వలలో పడ్డ పెద్ద చందువా చేప తెచ్చి సీతాలు ముందు పెట్టాడు. కన్నమ్మ కాసేపు గొణిగి, గోడకున్న ఇచ్ఛాపురం బట్టలకొట్టు తెలుగు క్యాలెండరు తీసి కోడలి ఒళ్ళో పడేసింది.

"ఊరికే ఏలాడతంది. ఏటుందో సదువు. అన్నట్టు, నోట్లో నీళ్ళు పోసుకోకు, నాకూ ఇనబడాల."