నాగమల్లేశ్వరికి నచ్చని వైన్

రొయ్యల వ్యాపారి దుర్గాప్రసాద్ చెన్నై కంపెనీల వాళ్లను బందరు రోడ్డులోని పెద్ద హోటలుకు తీసుకెళ్లినప్పుడల్లా భార్య నాగమల్లేశ్వరి పక్కన కూర్చునేది. నూడుల్స్‌లో గోంగూర కలిపి తెచ్చినా, థాయ్ పులుసులో కొరమేను వేసి తెచ్చినా, ఆయన చెప్పిందే తినేది. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ అందరి మాటలూ వినేది. ఒక సాయంత్రం, కంపెనీ తరఫున వచ్చిన పెద్దాయన వైన్ కార్డు ఆమెకిచ్చి, "ఈసారి మీరు చెప్పండమ్మా," అన్నాడు.

"ఆవిడకేం తెలుసండీ," అంటూ దుర్గాప్రసాద్ చెయ్యి చాచాడు. ఆమె కార్డు వదల్లేదు. పేర్లన్నీ నిదానంగా చదివి, "తియ్యగా ఉండేది ఏదండీ?" అని సర్వరును అడిగింది. అతను తెచ్చింది ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించి, "నాకు నచ్చలేదండీ. ఇంకోటి చూద్దాం," అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట ఆ మాట దుర్గాప్రసాద్ ఎన్నడూ వినలేదు. మెనూ ఆమె వైపు జరిపి, "నీకేం తినాలనుంది?" అని అడిగాడు.