ఆకు ఎవరి చేతిలో పెడతారు

నందిగామలో మా పురుగుమందుల కొట్టుకి వచ్చే రైతు చేతిలో ఎప్పుడూ ఒక ఆకు ఉంటుంది. మిరపాకో, పత్తాకో. జేబులోంచి తీసి, "ఇదేం తెగులో కాస్త చూడండి" అని చేతిలో పెడతాడు. ఎవరి చేతిలో పెడితే వాళ్ళే ఆ కొట్టుకి యజమాని. బోర్డు మీద ఎవరి పేరుంటే ఏం, లైసెన్సు ఎవరి పేరున ఉంటే ఏం!

లైసెన్సు నా పేరునే ఉంది. మా ఇంట్లో వ్యవసాయ డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పధ్నాలుగేళ్ళు ఆ కౌంటర్ వెనక నిలబడ్డాను. అయినా రైతు మెట్టెక్కి, నా మొహం చూసి, "పెద్దాయన లేడామ్మా?" అనేవాడు. నాన్న ఉంటే నా మీంచి చేయి చాపి ఆకు ఆయనకే ఇచ్చేవాడు. నేను పావుగంట సేపు గొంతు చించుకుని చెప్పిన మందునే నాన్న "ఆఁ, అదే కొట్టు" అంటే అప్పుడు తీసుకునేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, నా సంగతి అచ్చం అదే. ఒళ్ళు మండేది. నవ్వుతూనే సీసా సంచిలో పెట్టి ఇచ్చేదాన్ని.

నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఏ కాలేజీలోనూ చెప్పరు. "ఎవర్నీ నమ్మమాక. సీలు చూడు, మూత చూడు, డబ్బా ఊపి చూడు" అనేవాడు. అట్టపెట్టె మీద టేపు రెండోసారి అంటించినట్టు కనిపిస్తే చాలు, ఆ పెట్టె లోపలికి రానిచ్చేవాడు కాదు. నకిలీ మందు ఒక్క డబ్బా పోయినా ఒక రైతు ఏడాది కష్టం గంగపాలవుతుందని ఆయన భయం. ఆ పాఠం నాకు ఎంత బాగా ఒంటబట్టిందంటే, చివరికి ఆయన్నే అనుమానించాను.

ఒక గురువారం పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పేటకెళ్తున్నా" అన్నాడు. మా వైపు పేట అంటే జగ్గయ్యపేటే.

"ఏం పని నాన్నా?"

"ఉందిలే."

పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప కొట్టు కదలని మనిషి. పైగా మిరపకి మందులు జోరుగా పోయే రోజులు. సర్లే, ఏదో పని అనుకున్నాను. మళ్ళీ గురువారం మళ్ళీ అదే చొక్కా, అదే బస్సు. మూడో వారానికి నాకు అనుమానం మొదలైంది.

ఎందుకంటే పేటలో మా చెల్లెలుంది. దాని మొగుడు, అంటే నా మరిది, మోటార్ల వ్యాపారం ఎత్తేసి కొత్తది ఏదన్నా పెట్టాలని చూస్తున్నాడు. వాళ్ళింటి కింద రెండు షట్టర్లు ఖాళీగా ఉన్నాయి. మాకు అన్నదమ్ముల్లేరు. నా భర్త కంచికచర్లలో బడి పంతులు. ఆయనకి పురుగంటే పాఠంలో బొమ్మే. కొడుకు లేని ఇంట్లో వ్యాపారం ఎవరికి పోతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. మా బజారులో చూస్తూనే ఉన్నాను. కూతురు కూర్చుని నిలబెట్టిన కొట్లోకి అల్లుడొచ్చి కుర్చీ వేసుకుంటాడు, ఆమె వంటింట్లోకి పోతుంది. నేను అలా పోవడానికి సిద్ధంగా లేను. ఆ కొట్టు నాకు కావాలి. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు నాన్నతో ఒక్కసారి కూడా అనలేకపోయాను.

చెల్లెలికి ఫోన్ చేశాను. "నాన్న వచ్చాడా మీ ఇంటికి?"

"రాలేదక్కా. ఏం?"

ఆ "ఏం"లో ఏదో ఉందనిపించింది. దాచాలని లేకపోతే ఏం అని ఎందుకడుగుతుంది? ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఆ ఒక్క మాట పట్టుకుని అన్నం సయించలేదు.

తర్వాతి వారం ఒక కంపెనీ ఆయన ఆర్డరు రాసుకుంటూ, "మీ నాన్నగారు పేటలో మందుల కొట్లో కూర్చునుంటే చూశానండి. బ్రాంచి పెడుతున్నారా మేడం?" అన్నాడు. "ఏమోనండి, మాకు చెప్పి చేస్తారా ఏంటి" అని నవ్వాను. ఆ నవ్వు నాకే చేదుగా తగిలింది.

ఆ గురువారం మా పనాయన రెడ్డిగూడెంలో పెళ్ళికి పోయాడు. నాన్న బస్సెక్కిన అరగంటకి నేను షట్టరు దించి తాళం వేశాను. నడి సీజన్లో, పట్టపగలు. పండగపూట కూడా ఒంటిపూటైనా తీసే కొట్టు అది. పక్క కొట్టాయన "ఎవరికన్నా బాలేదా అమ్మా?" అని అడిగాడు. తల ఊపి బస్సెక్కాను.

చిల్లకల్లు దగ్గర బస్సు హైవే వదిలి పేట వైపు తిరిగేసరికి అనాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. "నాకెందుకు చదువు చెప్పించావ్? అల్లుడి దగ్గర గుమాస్తాగిరీ చెయ్యడానికా?" అన్నదాన్ని నాలుగు రకాలుగా అనుకున్నాను. ముందు చెల్లెలి ఇంటి దగ్గరికే పోయాను. కింద షట్టర్ల తాళాలు తుప్పుపట్టి ఉన్నాయి. దాంతో మనసు కుదుటపడాలా? పడలేదు. "ఓహో, ఇంకెక్కడో పెట్టారన్నమాట!" అనుకున్నాను. పైకెక్కి చెల్లెల్ని పలకరించకుండానే బజారుకి పోయి మందుల కొట్లు ఒక్కోటీ చూసుకుంటూ నడిచాను.

మూడో కొట్లో ఉన్నాడు నాన్న. కౌంటర్ వెనక కాదు. రైతులు కూర్చునే బల్ల మీద, ఓ చివర, టీ గ్లాసు పట్టుకుని. పక్కన ఆ కొట్టు పెద్దాయన. నాన్నతో పాటే ఈ వ్యాపారంలోకొచ్చిన స్నేహితుడు, చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. కౌంటర్లో ఆయన కొడుకున్నాడు. నేను పక్క కొట్టు మెట్ల మీదే ఆగిపోయాను.

కోదాడ వైపు రైతు ఒకాయన మిరపాకు పట్టుకుని వచ్చి, బల్ల మీద నెరిసిన జుట్టు చూసి నాన్న దగ్గరికే పోయాడు. "పెద్దాయనా, గిదేందో జర చూడు" అని ఆకు చాపాడు.

నాన్న చేయి దానంతటదే ముందుకొచ్చింది. ఆకు అందుకోబోయి ఆగింది. ఆయన ఆ చేతిని వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. "నాకేం తెలుసయ్యా? ఆ అబ్బాయినడుగు" అన్నాడు.

నాకేం తెలుసట! గుమ్మంలో ఉన్న ఆకుని కుర్చీలోంచి చూసి తెగులు పేరు చెప్పే మనిషి! ఇంక ఆగలేక లోపలికి పోయాను. "ఏంటి నాన్నా ఇది?"

నాన్న నన్ను చూసి మొదట అడిగింది ఒకటే. "కొట్లో ఎవరున్నారే?"

"మూసొచ్చా."

"మూసొచ్చావా!" అన్నాడు. కోప్పడినా బావుండేది.

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "మీ నాన్న నోరు కట్టుకోవడం నేర్చుకుంటానికి వస్తున్నాడమ్మా. నేను మావాడికి అప్పజెప్పి ఏడాదైంది. ఊరికే కూర్చోవటం నాకు అలవాటయ్యేసరికి ఆర్నెల్లు పట్టింది. ఈయన ఇంకా చేతులు చాపుతానే ఉన్నాడు."

నాన్న గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "మన కొట్లో అయితే నా నోరు ఊరుకోదే. గురువారం నేను లేకపోతే ఆకు నీ చేతిలోనే పెడతారు కదా. నలుగురు పెడితే అలవాటవుద్ది."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే గురువారం గురువారం పరీక్షకి కూర్చున్నట్టు కూర్చుంటావు."

నాకు ఏడుపొచ్చింది. అది దిగమింగుకునే లోపే నాన్న ఫోన్ మోగింది. వీరులపాడు రైతు. గొంతు బయటికే వినపడుతోంది. "కొట్టు మూసేసుందేంటండీ? మీకేమన్నా అయిందేమోనని హడలిపోయాం. ఇక్కడ తోటంతా ముడుచుకుపోతంది!"

నాన్న ఫోన్ నాకిస్తాడేమోనని చేయి చాపాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ముడుచుకుందా? ఆకు పైకా, కిందికా?" అని అడిగేశాడు. ఆ కొట్టు పెద్దాయన నిట్టూర్చి కౌంటర్ వైపు తిరిగాడు.

తిరుగు బస్సులో కుక్కిన పేనులా కూర్చున్నాను. నాలుగు గురువారాలు ఆ మనిషి నా కోసం నోరు కట్టుకుంటే, నేను దొంగ జేబులు తడిమినట్టు ఆయన్ని అనుమానించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి గురువారం నాన్న మామూలు చొక్కాతో వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పేట మాటే ఎత్తలేదు. రైతులు మళ్ళీ నా మీంచి చేయి చాపి ఆకు ఆయనకే ఇచ్చారు. రెండు పంటలు అలాగే గడిచాయి. అడుగుదామంటే ఏ మొహంతో అడగను? ఒక్క పూట అప్పజెప్తే తాళం వేసుకుని పోయినదాన్ని.

మిరపలో ఆకు అంచులు పైకి లేస్తే పైముడత, కిందికి వాలితే కిందిముడత. పురుగు వేరు, మందు వేరు. ఒకదానికి ఇంకోటి కొడితే తోట పోతుంది. ఒకరోజు ఆ వీరులపాడు రైతే వచ్చి నాన్న చేతిలో ఆకు పెట్టాడు. కొట్లో ఇంకో నలుగురున్నారు. నాన్న ఆకుని అటూ ఇటూ తిప్పి, "పైముడత" అన్నాడు.

నేను చూస్తూనే ఉన్నాను. అంచులు తిరగేసిన పడవలా కిందికి వాలి ఉన్నాయి.

"నాన్నా, అది కిందిముడత" అన్నాను. నోట్లోంచి వచ్చాక భయమేసింది. పదిమందిలో ఆయన్ని తప్పని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

నాన్న మళ్ళీ చూశాడు. "అవునే. నాకు కళ్ళు ఆనట్లా" అన్నాడు. రైతు ఆయన వైపు, నా వైపు చూసి, ఆకు ఆయన చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. మిగతా నలుగురూ నా దగ్గరికే వచ్చారు. మర్నాడు నాన్న కుర్చీ నాకొదిలి, రైతుల బల్ల మీదికి మారాడు.

ఆకు తప్పు చెప్పిన రోజు పొద్దునే, డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న గడువు తేదీని ఆయన కళ్ళజోడు లేకుండా చదివాడు. గడువు దాటిందని పెట్టె పక్కన పెట్టించాడు. నేను పక్కనే ఉన్నాను. కానీ మరో నెలకి విజయవాడలో కళ్ళ డాక్టరు, "శుక్లం బాగా ముదిరిందండి, ఎప్పట్నుంచో ఉండుంటుంది" అన్నాడు. కళ్ళు నిజంగా ఆనలేదా, లేక ఆకు నా చేతికి రావాలని అంతమందిలో తప్పు చెప్పాడా? తప్పు చెబితే, నేను పట్టుకుంటానన్న నమ్మకంతోనే చెప్పాడా? ప్రతి సీలూ గోకి చూసేదాన్ని, కొట్టు మూసి మరీ ఆయన వెంటపడినదాన్ని, ఈ ఒక్కటి మాత్రం అడగలేదు. అడగను కూడా.

ఇది రాస్తుంటే నాన్న బల్ల మీద కూర్చుని పేపరు తిప్పుతున్నాడు. ఇప్పుడే ఎవరో కొత్త రైతు మెట్టెక్కి, నెరిసిన జుట్టు చూసి, ఆయన వైపు ఆకు చాపాడు. నాన్న చేయి తొడ కింద పెట్టుకున్నాడు.