పెద్దల సభలో నీళ్ళు తాగని సభ్యురాలు

ఎగువ సభ చరిత్ర రాయబోయే పండితులు యుద్ధాలతోనో సంధులతోనో మొదలుపెడితే అది వాళ్ళ ఇష్టం. న్యాయంగా మొదలుపెట్టవలసింది మాత్రం మూడో వరుస చివరి కుర్చీ ముందు ఉండే మంచినీళ్ళ గ్లాసుతో. సభ జరిగే ప్రతిరోజూ ఉదయం పదింటికి బంట్రోతు ఆ గ్లాసు నింపి మూత పెట్టి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి, నింపింది నింపినట్టే పట్టుకెళ్ళి పారబోసేవాడు. ఐదేళ్ళపాటు ఇదే తంతు. ఈ మహత్తర విషయం మీద దేశంలో మూడు సిద్ధాంతాలు పుట్టాయి. ఆ సభ్యురాలు ఏదో దీక్షలో ఉందని ఒక పత్రిక రాసింది. ఆమె పథ్యం పాటిస్తోందని ఇంకో పత్రిక రాసింది. నీటి పన్ను మీద నిరసన తెలుపుతోందని ప్రతిపక్షం చప్పట్లు కొట్టింది. ఆమెను అడిగితే సరిపోయేది. అంత తేలికైన పని ఎవరికీ తట్టలేదు.

ఆమె పదిహేడో ఏట చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. పంతొమ్మిదేళ్ళు కాలర్లు మాత్రమే కుట్టింది. మనిషి చొక్కాకు మెడ కాక ఇంకా ఏవో భాగాలున్నాయని ఆమెకు వినికిడి. అక్కడ అందరికీ ఆమె కాలరక్క. పక్క మిషను మీద ఆమె చెల్లెలు కాజాలు కుట్టేది.

ఆ వరుసలో నలభై మంది ఆడవాళ్ళు, ఒక ఇత్తడి బిళ్ళ. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు వేలాడేది. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే బిళ్ళ పట్టుకుని వెళ్ళాలి. అది తిరిగి మేకు ఎక్కేదాకా ఇంకొకరు కదలకూడదు. నలభై కడుపులూ ఒక మేకు వంక చూస్తూ తొమ్మిది గంటలు చొక్కాలు కుట్టేవి.

"బిళ్ళ ఎక్కడుంది సార్?"

"ఉన్నవాళ్ళ దగ్గరుంది. నువ్వు కాలర్లు చూసుకో."

"కాలర్లు ఆగుతాయి సార్. ఇది ఆగదు."

"మరి పొద్దున్నే నీళ్ళెవరు తాగమన్నారు నిన్ను?"

ఆ ఫ్యాక్టరీ ఆరోగ్య విధానమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది. కాబట్టి ఎవరూ తాగేవారు కాదు. చెల్లెలు ఇరవయ్యారేళ్ళకే జ్వరంతో, నడుంనొప్పితో ఆసుపత్రిలో పడింది. డాక్టరు కాగితాలు తిరగేసి, "నీళ్ళు తాగవా అమ్మా నువ్వు?" అన్నాడు.

"ఆదివారం తాగుతానండి," అంది చెల్లెలు.

ఒక మూత్రపిండం పోయింది. సెలవు పొడిగించమని అడగడానికి వెళ్ళిన కాలరక్కతో సూపర్‌వైజర్ ఓదార్పుగా, "ఇంకోటుందిగా," అన్నాడు. ఆమె వెనక్కొచ్చి, తన మిషను స్విచ్ ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంటలో నలభై మిషన్లూ ఆగాయి. నాలుగో రోజుకు ఫ్యాక్టరీయే ఆగింది. ఆ గొడవలో బిళ్ళ మేకు దిగలేదు గానీ ఆమె సంఘం నాయకురాలైంది. రెండేళ్ళ తర్వాత ఒక పార్టీకి పోస్టరు మీద వెయ్యడానికి శ్రామిక మహిళ ముఖం ఒకటి కావలసి వచ్చి, ఆమెను పెద్దల సభకు పంపింది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, వచ్చి కూర్చుంటే చాలు," అన్నాడు పార్టీ పెద్ద.

"పంతొమ్మిదేళ్ళు అదే చేశాను. ఈసారి వేరే చూద్దాం."

"కాలర్లు కుట్టి కుట్టి అలిసిపోయావు, ఇక పట్టుకో అక్కా," అని చెల్లెలు సాగనంపింది.

సభలో మొదటిరోజు ఆమె చేసిన మొదటి పని గ్లాసెడు నీళ్ళు తాగడం. తర్వాత ఇంకో గ్లాసు. పనిరోజున పట్టపగలు, ఎవరి అనుమతీ లేకుండా. ఆ ఏడాదంతా ఆమె అలా రాజభోగం అనుభవించింది.

ఆ ఏడాది చివర కార్మిక బిల్లు వచ్చింది. ఆమె దానికి ఒక వాక్యం సవరణ ఇచ్చింది: మరుగుదొడ్డికి వెళ్ళడానికి ఏ కార్మికుడికీ, కార్మికురాలికీ బిళ్ళ గానీ చీటీ గానీ అనుమతి గానీ అక్కర్లేదు. మంత్రిగారి ప్రసంగం రెండు గంటలు సాగింది. మధ్యలో ఆమె లేచి బయటికి వెళ్ళింది. ఆ భవనం కట్టిన మహానుభావులు పెద్దలంటే మగవాళ్ళేనని నమ్మినవాళ్ళు కావడం వల్ల, ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఆవరణ దాటి, సందర్శకుల భవనంలో, మెట్ల కింద ఉంది. వెళ్ళి రావడానికి పావుగంట. ఆమె తిరిగొచ్చేసరికి అధ్యక్షుడు తర్వాతి పేరు పిలుస్తున్నాడు.

"అధ్యక్షా, నా సవరణ?"

"పిలిచినప్పుడు గౌరవ సభ్యురాలు స్థానంలో లేరు. నిబంధన ప్రకారం ప్రతిపాదించనట్లే."

"మరుగుదొడ్డికి వెళ్ళానండీ."

సభ నవ్వింది. మర్నాటి నివేదికలో ఆమె మాట "ఆ సౌకర్యానికి వెళ్ళాను" అని అచ్చయింది. మరుగుదొడ్డి అనే పదం సభా గౌరవానికి తగదని తేలిందట. ఆ రోజునుంచి ఆమె సభలో గ్లాసు ముట్టలేదు. తన పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియనప్పుడు గొంతు తడుపుకోకూడదన్న పాత విద్య ఇక్కడా పనికొచ్చింది.

ఆ చట్టం మళ్ళీ సభకు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోగా ఆమె ప్రతి చర్చలోనూ లేచింది. ఓడరేవుల బిల్లు వస్తే కూలీలకు మరుగుదొడ్లెన్నని అడిగింది. తపాలా బిల్లు వస్తే ఉత్తరాలు పంచే ఆడవాళ్ళు దారిలో ఎక్కడికి వెళ్తారని అడిగింది. తోటి సభ్యులు ఆమెకు కుట్టుమిషను అని పేరు పెట్టారు.

"ఇది సభ తల్లీ, మీ ఫ్యాక్టరీ కాదు," అన్నాడొక పెద్దమనిషి.

"ఫ్యాక్టరీ అయితే ఈపాటికి మీరు కనీసం ఒక చొక్కా కుట్టేవారు."

ఇంట్లో చెల్లెలిది ఇంకో పోరు. ఫ్యాక్టరీ పని మానెయ్యమంటే వినదు. "మానేసి ఏం చెయ్యను? వీధి చివర ఫ్యాక్టరీలోనూ బిళ్ళేనే. అక్కడిది ప్లాస్టిక్‌ది, అంతే తేడా." మిగిలిన మూత్రపిండం కూడా మొరాయిస్తోందని నాలుగో ఏడాది డాక్టరు చెప్పాడు. పనిలో నీళ్ళు తాగగలిగితే ఫరవాలేదన్నాడు. లేకపోతే ఏమిటో చెప్పలేదు.

బిల్లు వచ్చిన రోజు ఆమె అదే సవరణ మళ్ళీ ఇచ్చి, ఉదయం పదినుంచి కుర్చీ కదల్లేదు. మంత్రిగారు మూడు గ్లాసులు తాగి రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చారు. మూడున్నరకు ఆమె పేరు పిలిచారు.

"అధ్యక్షా, ముందు చిన్న మనవి. ఈ చర్చ అయ్యేదాకా సభ్యులు ఒక్కొక్కరే బయటికి వెళ్ళాలి. మీ బల్ల మీది పేపర్‌వెయిట్ చేత్తో పట్టుకుని వెళ్ళాలి. అది తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు."

నవ్వులు. "ఇదేం హాస్యమమ్మా, కూర్చోండి," అన్నాడు అధ్యక్షుడు.

"హాస్యం కాదండీ, ఇది మీరు నడుపుతున్న దేశంలో పనివేళల పద్ధతి. నాలుగేళ్ళ కింద నన్ను చూసి నవ్వారు. నా చెల్లెలికి ఒక మూత్రపిండం లేదు. రెండోది ఎన్నాళ్ళుంటుందో మీ ఓటు మీద ఉంది. మరుగుదొడ్డి అన్న మాట మీ పుస్తకంలో రాయలేకపోతే ఆమె పేరు రాసుకోండి."

పాలక పక్షంలో ముందు వరుస ముసలాయన అప్పుడే బయటికి వెళ్ళడానికి సగం లేచి ఉన్నాడు. రోజుకు ఎనిమిదిసార్లు వెళ్ళొచ్చే మనిషి. సభంతా ఆయన్నే చూసింది. ఆయన లేవాలో కూర్చోవాలో తెలియక, ఒక చేత్తో బల్ల పట్టుకుని, "మంత్రిగారూ, ఒప్పేసుకోండి, నేను వెళ్ళాలి," అన్నాడు.

పై వరుసలో విలేకరులు రాసుకోవడం మంత్రిగారు చూశారు. ప్రభుత్వం ఎప్పటినుంచో ఇదే ఆలోచిస్తోందని ప్రకటించి సవరణ అంగీకరించారు. సభ్యులు చేతులెత్తి ఆమోదించారు. మర్నాటి నివేదికలో మరుగుదొడ్డి అన్న మాట మొదటిసారి అచ్చులో పడింది. పత్రికలు ఆమె ఫొటో వేశాయి. అందులో ఆమె నవ్వడం లేదు.

"అయితే రేపటినుంచి అడక్కుండా వెళ్ళొచ్చా అక్కా?" అని చెల్లెలు ఫోన్లో అడిగింది.

ఆమె చట్టం ప్రతి తెప్పించి చివరిదాకా చదివింది. చివరి పేజీలో, తన వాక్యం ప్రభుత్వం ప్రకటించే తేదీనుంచి అమల్లోకి వస్తుందని ఉంది. మిగిలిన పదవీకాలంలో ఆ తేదీ గురించి ఏడుసార్లు ప్రశ్న వేసింది. ఏడుసార్లూ పరిశీలనలో ఉందనే జవాబొచ్చింది. ఏడోసారి ఆమె ఆ జవాబు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి మంత్రిగారి బల్ల మీద పెట్టింది. అందుకు ఆమెను ఆ రోజుకు సభనుంచి పంపేశారు.

"ఆ తేదీ ఏ నెలలో ఉంటుందో చెప్పు, ఆ నెలనుంచి తాగుతాను," అంది చెల్లెలు.

ఆ తేదీని ప్రభుత్వం ఇంకా ప్రకటించలేదు.