భూమి పండుగ నాడు నా పరిశీలన

చేతికందిన ఉద్యోగాన్ని నేనే తీసుకెళ్లి పేడనీళ్లలో ముంచిన వైనం చెబుతాను, కడుపారా నవ్వుకోండి. జాలి మాత్రం పడొద్దు. ఆ రోజుల్లో నేను జాలికి తగిన మనిషిని కాను.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. మాది పెనుబల్లి. ఒక విదేశీ సంస్థ నన్ను వయోజన విద్యా కార్యకర్తగా తీసుకుని, హైదరాబాద్ హోటల్లో మూడు రోజులు ఏసీలో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చింది. అంతే, ప్రపంచానికి చదువు చెప్పే భారం నా నెత్తినే ఉందనుకున్నాను. బూర్గంపాడు దాటాక అడవిలో ఉన్న ఓ కోయగూడెంలో నా కేంద్రం. పాఠాలు ఏ దేశంలో రాశారో గానీ, నాలుగో పాఠం మెట్రో రైలు టికెట్ తీసుకోవడం ఎలా అని! ఆ గూడేనికి బస్సే రాదు. అయినా రెండేళ్లపాటు ఆ పాఠాన్ని గొంతు చించుకుని చెప్పాను, బుద్ధిలేనివాణ్ణి.

ఇంతలో మెయిలొచ్చింది. విదేశాల నుంచి పరిశీలకుడు వస్తున్నాడు, తేదీ నువ్వే పెట్టు అని. ఆయన మెచ్చితే నేను జిల్లా కోఆర్డినేటర్ని, లేదంటే ఇంటికే. వెంటనే తేదీ పెట్టేసి, నా దగ్గర చదువుకునేవాళ్లలో అందరికంటే పెద్దదైన ముత్తమ్మకు చెప్పాను.

"అయ్యో, ఆ పొద్దు భూమి పండుగ సారూ. మగోళ్లంత వేటకు పోతరు. ఒక్క మగోడు గూడ ఊర్లె ఉండొద్దు."

"క్యాలెండర్లో అట్లాంటి పండుగ లేదక్కా!"

"మా పెద్దోళ్లు చెప్పిందే మాకు క్యాలెండరు. ఉన్న మగోళ్లను ఆడోళ్లం ఊకె ఇడువం, ముందుగాలనే చెప్తున్న."

"ఇది అంతర్జాతీయ కార్యక్రమం. మీ పండుగే ఓ రోజు అటూ ఇటూ జరుపుకోండి."

"భూమిని జరుగుమంటవా ఏంది?" అంది ముత్తమ్మ.

పాఠం రాక సాకులు చెబుతోందనుకున్నాను. చూశారా నా తెలివి!

ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, 'జీవితాంతం నేర్చుకుందాం' అన్న బ్యానర్ కింద పెళ్లికొడుకులా నిలబడ్డాను. జీపు వచ్చింది. తెల్లగడ్డం పెద్దాయన, ఆయన మాటల్ని తెలుగు చేసే అమ్మాయి దిగారు. నేను దండ ఎత్తానో లేదో, వెనక నుంచి కేక.

"ఇగో, వేటకు పోనోడు దొరికిండే!"

తిరిగి చూస్తే ఇరవై మంది ఆడవాళ్లు, చేతుల్లో పేడనీళ్ల కుండలు. ముందు ముత్తమ్మ.

"అక్కా! ఆగండక్కా! నేను మీ సారును!"

"సారువైతేంది, మగోడివి కాదా?"

అవునంటే కుండ పడుతుంది. కాదంటే విదేశీయుడి ముందు పరువు పోతుంది. నేను నోరు తెరిచి ఆలోచిస్తుండగానే పేడనీళ్లు నెత్తిమీంచి దిగాయి. నోరు తెరిచి ఉండటం కూడా తప్పేనని అప్పుడే తెలిసింది.

ఆడవాళ్ల మాటలు అమ్మాయి వివరించాక కూడా పెద్దాయన కంగారు పడలేదు. "నేనేం చేయాలో వాళ్లనే అడుగు" అన్నాడు అమ్మాయితో.

"పొలిమేర దాటి కూసుంటే సాలు" అంది ముత్తమ్మ.

ఆయన తలూపి, నడిచి వెళ్లి పొలిమేర అవతల ఓ బండమీద కూర్చున్నాడు. రెండేళ్లలో నా బుర్రకెక్కనిది ఆయనకు అరనిమిషంలో ఎక్కింది! ఆడవాళ్లంతా అక్కడికే వెళ్లారు. నేనూ ఈగలతో సహా వెళ్లాను.

"ఈ కేంద్రంలో ఏం నేర్చుకున్నారు?" అని అడిగించాడాయన.

"పేరు రాసుడు నేర్సుకున్నం. దవాఖానాల చీటీ మీద పేరు సదువుతున్నం. సారుకే రెండేండ్ల సంది చెప్తున్నం, మేం ఎప్పుడు అడవికి పోతమో, ఎప్పుడు ఇంటికాడ ఉంటమో. ఒక్క ముక్క ఎక్కలె. పాపం, పెద్దయినంక నేర్సుడు కష్టమే గదా!"

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, పేడ చాటున ఎవరికీ కనబడలేదు.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. కేంద్రం కొనసాగుతుంది. నడిపేది ముత్తమ్మ. నేను కోఆర్డినేటర్ని కావాలంటే ముందు ఆర్నెల్లు అక్కడే విద్యార్థిగా చేరాలి.

మొదటిరోజు ముత్తమ్మ కొత్త హాజరు పుస్తకం తెరిచి, గుండ్రటి అక్షరాలతో మొదటి వరసలో నా పేరే రాసింది. నేను సంతకానికి పెన్ను తీయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని సిరాపెట్టె ముందుకు జరిపింది.

"ఏలిముద్ర వెయ్యి సారూ. జెర నేర్సినంక సంతకం పెడుదువు గాని."

వేశాను. ఆ నీలిరంగు బొటనవేలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ ఊళ్లోనైనా సరే, ఊరివాళ్లను అడక్కుండా ఈ జన్మలో మళ్లీ తేదీ పెట్టను. నా పెళ్లికి కూడా.