చైనా మనిషి అన్నం కోసం సిరుగుప్ప దాకా

మా మేడ మీద గదిలో ఉన్న చైనా మనిషి అన్నం మానేశాడు. మేము సిరుగుప్పకు వెళ్ళింది అందుకే, వేరే కారణం లేదు. గుడులూ కోటలూ చూపిస్తాననుకుని చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు. బళ్ళారి నుంచి సిరుగుప్పకు బస్సులో పోయి, బియ్యం కొనుక్కుని, చీకటి పడకముందు ఇల్లు చేరడం ఎలాగో నాకు తెలుసు. అదే చెబుతాను.

ఇనుప ఖనిజమున్న ఎర్రమట్టిని బంగారంలా తవ్వి అమ్మిన సంవత్సరాలవి. బళ్ళారిలో ఎవరిని కదిపినా కొత్త లారీ మాటే. నేను అప్పటికే లారీ తోలి తోలి నడుము పట్టేసి, సత్యనారాయణపేటలో ఇంటిపట్టున ఉన్నాను. ఊరి బయట కడుతున్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో యంత్రం బిగించడానికి చైనా నుంచి వచ్చిన ఫిట్టరు మా మేడ మీద దిగాడు. పేరు వెన్. తిండి కూడా మా ఇంట్లోనే అని ఫ్యాక్టరీ వాళ్ళతో మాట. పరాయి దేశంలో ఆయన బతుకు ఎలా ఉండేదో రోజూ చూశాను. పొద్దున్నే ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని జీపెక్కేవాడు. మా ఎండలో కూడా వేడినీళ్ళే తాగేవాడు. సాయంత్రం జుట్టు నుంచి బూట్ల దాకా ఎర్రగా దిగేవాడు. తెల్ల చొక్కా ఉతికి ఆరేస్తే ఆరేలోపే దుమ్ము పట్టేది. కొన్నాళ్ళు పోరాడి, తెల్లవన్నీ పెట్టెలో పెట్టేసి గోధుమ రంగువి కొనుక్కున్నాడు. ఆదివారం మేము చర్చికి పోతే అరుగు మీద కూర్చుని వీధి చూసేవాడు. పిల్లలు "చైనా, చైనా" అని అరిస్తే చెయ్యి ఊపేవాడు. కూలీల దగ్గర నేర్చుకున్న మాటలు నాలుగైదు ఉండేవి. వాటిలో ఎక్కువగా వాడేది "సాలప్పా", అంటే చాలయ్యా అని.

ఆ మాట నా భార్య సువార్తమ్మను తినేసింది. వడ్డించగానే ఆయన జేబులోంచి రెండు పుల్లలు తీసేవాడు. వాటితో మెతుకులు పట్టుకోబోతే ఒక్కొక్కటీ జారిపోయేది. రెండు మూడు ముద్దల పాటి తిని, ఆడమనిషి అని కూడా చూడకుండా "సాలప్పా" అని పళ్ళెం జరిపేవాడు. వానలు పోయాక ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. సువార్తమ్మ కారం తగ్గించింది, తరవాత మొత్తం మానేసింది, పెరుగు పోసింది. అయినా సాలప్పానే. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకరోజు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"దానేలప్పా, ఈయప్ప ఇట్లనే పడిపోతే మాకు కష్టం. ఈ వారం చూస్తాం. తినలేదంటే వాళ్ళ దేశానికి పంపిస్తాండాం. పని ముగీకముందు పోతే ఆడ కూడా ఈయప్పకి ఉద్యోగం ఉండదంట."

నాకు రోషం వచ్చింది. ఒక మనిషి నా ఇంట్లో తిండి కుదరక ఉద్యోగం పోగొట్టుకోవడమా? ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. మా వైపు బియ్యం ఎంత పాతదైతే అంత గొప్ప. పొడిపొడిగా, మెతుకుకు మెతుకు అంటకుండా వండితేనే అది అన్నం. కొత్త బియ్యం ముద్దవుతుంది, కడుపునొప్పి తెస్తుంది, అతిథికి పెడితే పరువు పోతుంది. మేము ఆయనకు ఏడాది పాతవి పెడుతున్నాం. అవి చాల్లేదన్నమాట. ఇంకా పాతవి కావాలి. సిరుగుప్పలో రైసుమిల్లు నడిపే పంపాపతి దగ్గర దొరుకుతాయి. ఒకప్పుడు ఆయన బస్తాలు నా లారీలోనే తిరిగాయి.

శనివారం టిఫిన్ అయ్యాక, ఎనిమిది దాటుతుండగా బస్టాండుకు వెళ్ళాం. సిరుగుప్ప బస్సులు అరగంటకు ఒకటైనా ఉంటాయి, కంగారు పడనక్కర్లేదు. అప్పట్లో టికెట్టు ముప్పై రూపాయల లోపే. దారి బాగుంటే గంటన్నర, లేకపోతే రెండు గంటలు. కండక్టరు వెన్‌ను చూసి ఆగి, ఎక్కడికని కన్నడంలో అడిగాడు.

"ఎల్లిగె యజమాన్రే? ఈయప్ప కూడా సిరుగుప్పకేనా? ఆడ కూడా మైనింగు దొరికిందా ఏంది?"

"బియ్యానికి పోతాండాం. నువ్వు టికెట్టు కొట్టు."

"చైనాలో బియ్యం అయిపోయినాయా అప్పా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. వెన్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఎగతాళి చేస్తే చేశాడు గానీ ఆ కండక్టరు మంచివాడు. వెన్ ముఖం చూసి, తన కిటికీ సీటు ఖాళీ చేసి ఆయన్ను కూర్చోబెట్టాడు.

కప్పగల్లు దాటేదాకా ఇళ్ళ గోడలు, చెట్ల ఆకులు అన్నీ ఎర్రదుమ్మే. ఖనిజం లారీలు ఎక్కువగా హోస్పేట వైపు పోతాయి కాబట్టి ఈ దారిలో పోనుపోనూ దుమ్ము తగ్గుతుంది. తెక్కలకోట దగ్గరపడే సరికి రెండు పక్కలా కాలువ నీళ్ళు, వరిమళ్ళు. కోతలు నడుస్తున్నాయి. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటే డ్రైవరు తిట్టుకుంటూ పక్కనుంచి తోలాడు. అప్పటిదాకా కిటికీకి తల ఆనించి ఉన్న వెన్ నిటారుగా కూర్చున్నాడు. ఒక మడి చూపించి, తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఇవే ఉన్నాయన్నమాట. నేను తల ఊపాను. సిరుగుప్ప దాకా ఆయన కళ్ళు ఆ మళ్ళ మీదనుంచి తియ్యలేదు.

బస్టాండు నుంచి మిల్లుకు ఆటోలో పోయాం. పది రూపాయలు అడిగాడు, ఇచ్చాను. పంపాపతి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం దానేలప్పా, బతికే ఉండావా?"

"నీ బియ్యం తిని బతుకుతాండా. మూడేళ్ళ పాతవి ఉండాయా?"

"నీకు లేకుండా యాడ పోతాయి?" అని ఒక బస్తా విప్పించి చూపాడు. గింజ లేత పసుపు రంగుకు తిరిగింది. నాకు ఎంత సంతోషమైందో! వండి చూసి తీసుకుంటానన్నాను. హమాలీలకు వండే ఈరమ్మను పిలిచి, ఒక గ్లాసు బియ్యం ఆమె చేతికిచ్చి, "సుట్టానికి పెట్టాల. మెతుకు ఇరగకూడదు" అన్నాడు పంపాపతి.

ఆమె మిల్లు వెనక రేకుల కింద పొయ్యి వెలిగించింది. మేము అక్కడే బస్తాల మీద కూర్చున్నాం. పక్క పొయ్యి మీద హమాలీల కోసం అప్పటికే దించబోతున్న పెద్ద గుండిగ ఉంది. ఆమె మూత తీసింది. ఆవిరి మా వైపు వచ్చింది. కొత్త బియ్యం వాసన నాకు తెలుసు, పచ్చిగా, తియ్యగా ఉంటుంది. వెన్ లేచి గుండిగ దగ్గరకు పోయి లోపలికి చూశాడు.

"వద్దప్పా, అది మీరు తినేది కాదు. ఈ కారు వడ్లు, మొన్న కోసినవి. ముద్దయిపోయుండాది," అంది ఈరమ్మ సిగ్గుపడుతూ.

"నీ అన్నం ఉడుకుతాండాది, కూచో," అని నేను కసిరాను. ఆయన వినలేదు. జేబులోంచి పుల్లలు తీశాడు. ఈరమ్మ నా వైపు చూసింది, పంపాపతి వైపు చూసింది, చివరికి ఒక సత్తు గిన్నెలో కాస్త పెట్టి పైన గంజి పోసింది. వెన్ గిన్నెను గడ్డం దగ్గరకు ఎత్తుకుని పుల్లలు పెట్టాడు. అన్నం ముద్దగా లేచింది. ఒక్క మెతుకు జారలేదు. అప్పుడు గాని నాకు తెలియలేదు, నెలల తరబడి మా ఇంట్లో ఆయన దేనితో పోట్లాడుతున్నాడో.

గిన్నె ఖాళీ అయింది. మా అందరి ముఖాలూ చూసి, గిన్నె ముందుకు చాపాడు. సాలప్పా అనలేదు.

"ఇంకా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. ఈరమ్మ పెట్టింది. మూడోసారి పుండికూర, అదే గోంగూర, కూడా వేసింది. "తిను నాయనా, తిను," అంది. భోజనానికి వచ్చిన హమాలీలు చుట్టూ నిలబడి, "మా కూడంతా ఖాళీ చేస్తాండాడే!" అని నవ్వారు. వాళ్ళ వాటా తగ్గిందని ఒక్కడూ మూతి ముడవలేదు. ఈలోగా నా మూడేళ్ళ పాత బియ్యం మల్లెపూలలా ఉడికాయి. అవి నేనే తిన్నాను. ఎంత బాగున్నాయో చెప్పలేను.

"ఇప్పుడేమంటావు దానేలప్పా? ఏ బస్తా కట్టించాల?" అన్నాడు పంపాపతి, నవ్వు ఆపుకుంటూ.

"రెండూ కట్టు. నాకు పాతవి, ఈయప్పకి కొత్తవి."

కొత్త బియ్యానికి పంపాపతి డబ్బు తీసుకోలేదు. మూడు దాటాక బస్సెక్కి, మూటలు కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చాం. ఇంట్లో మూట విప్పి సువార్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేంది, కొత్త బియ్యం తెస్తివి? చర్చిలో తెలిస్తే నవ్వరా?"

"నవ్వనీ. ఉడికీ."

ఉడికించింది. సోమవారం సూపర్‌వైజరు వచ్చేసరికి వెన్ రెండో గిన్నె తింటున్నాడు. అది చూసి సూపర్‌వైజరు తిరిగి జీపెక్కాడు, పంపించే మాట మళ్ళీ రాలేదు. యంత్రం తిరిగేదాకా వెన్ మా ఇంట్లోనే ఉన్నాడు. మా పొయ్యి మీద రెండు కుండలు ఉడికాయి. భోజనానికి ముందు మేము కళ్ళు మూసి ప్రార్థన చేస్తుంటే ఆయన గిన్నె ఎత్తకుండా కాచుకునేవాడు.

పాత బియ్యమే గొప్పవని ఇప్పటికీ అంటాను, ఎవరొచ్చి వాదించినా. కానీ ఆ రోజు తన కుండలోది తీసి పెట్టిన ఈరమ్మకు, సీటిచ్చిన కండక్టరుకు, తమ వాటా వదులుకున్న హమాలీలకు నేను రుణపడి ఉన్నాను. మా పరువు వాళ్ళు కాపాడారు. వెన్ వెళ్ళిపోయిన తరవాతి ఏడాది కోతలప్పుడు సువార్తమ్మ తనంతట తానే కొత్త బియ్యం వండింది. ఇద్దరం ఒక్కొక్క గిన్నె తిని, ఆయన పేరు చెప్పి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం.

మీ ఇంట్లోనూ దూరదేశపు మనిషి ఉంటే కోతల కాలంలో సిరుగుప్పకు వెళ్ళండి. మిల్లులో కొత్త బియ్యం అడిగితే వింతగా చూస్తారు, సిగ్గుపడకండి. వండేటప్పుడు మాత్రం పాతవాటికన్నా నీళ్ళు ఒక గ్లాసు తక్కువ పోయండి.