తోడికోడలి మంద

సతుర్నీనా పుట్టిందీ మెట్టిందీ ఆండీస్ కొండల మీదే. గొర్రెల్లాగే బొచ్చు కోసం, పొడుగు మెడల అల్పాకాలు పెంచే ఇళ్ళు అక్కడన్నీ. అత్త బెనితా తన మందని ఇద్దరు కోడళ్ళకీ చెరిసగం పంచింది. చిన్న కోడలు హసింతా మంద దొడ్డి పట్టనంత పెరిగింది. సతుర్నీనాది ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ పక్క దొడ్డి వైపు చూస్తే చాలు, ఆమెకి కడుపు మండిపోయేది. హసింతా పాటలు పాడి మేపుతుంది, అందుకే అలా ఈనుతున్నాయని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు. సతుర్నీనా కూడా పాడి చూసింది. ఒక్కటీ మేత మీంచి తల ఎత్తలేదు.

ఒక ఏడు వడగళ్ళు పడిన పొద్దున ఆమె తెల్ల అల్పాకాకి పుట్టిన పిల్ల చలికి బిగుసుకుపోయి చచ్చింది. అదే పూట హసింతా అల్పాకా ఒకటి ఈని చచ్చిపోయింది. దాని పిల్ల బతికింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ కొండల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. చచ్చిన పిల్ల తోలు తల్లిలేని పిల్లకి కప్పి కడతారు. ఆ వాసనకి తల్లి తన బిడ్డే అనుకుని పాలిస్తుంది.

హసింతా పిల్లని శాలువలో చుట్టుకుని వచ్చింది. సతుర్నీనా అప్పటికే తోలు వలిచి పరుపు కింద దాచేసింది. పాలు తనవీ, పెరిగే మంద హసింతాదీనా?

"చచ్చిన పిల్లని కుక్కలు ఈడ్చుకుపోయాయే," అంది మొహం తిప్పుకుని.

అత్త ఎగాదిగా చూసింది. హసింతా తోలు లేకుండానే పిల్లని తెల్లదాని దగ్గరికి తోసింది. అది ఉమ్మి తరిమేసింది. పిల్ల లేచింది, పడింది. మధ్యాహ్నానికి లేచే ఓపిక లేక, ఊపిరి మాత్రం మిగిలి పడి ఉంది.

తెల్లది పొద్దుట్నుంచీ మూలుగుతూ తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి దొడ్డి దాటి సరాసరి ఇంట్లో దూరింది. అందరూ చూస్తుండగానే ముక్కుతో పరుపు అంచు ఎత్తుతూ, బిడ్డని పిలిచినట్టు మూలిగింది.

సతుర్నీనాకి తల కొట్టేసినట్టయింది. కానీ సిగ్గుకన్నా ఆ మూలుగే ఎక్కువ బాధపెట్టింది. ఇంతసేపూ తోడికోడలిని సాధిస్తున్నాననుకుంది. అల్లాడిపోయింది తన అల్పాకా. గబగబా తోలు లాగి తనే పిల్లకి కట్టి, పొదుగు దగ్గర లేపి పట్టుకుంది. తెల్లది వాసన చూసింది, మళ్ళీ చూసింది, కదలకుండా నిలబడింది. పిల్ల తాగడం మొదలెట్టింది.

హసింతా కళ్ళు తుడుచుకుంది. కుక్కల మాట ఎత్తనే లేదు.

"పాలిచ్చే తల్లి నీది. పిల్ల కూడా నీ మందలోనే ఉండనీ అక్కా," అంది.

సతుర్నీనా తలూపింది. తనైతే ఇచ్చేదా? ఇవ్వదు. ఆ సంగతి తనకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ హసింతా మందని చూసి ఏడ్చింది. ఆ పూట నుంచి ఆమె మనసుని చూసి ఏడవడం మొదలెట్టింది.