శెనిక్కాయ గుర్తుకే మన ఓటు

మొన్న ఓటు వెయ్యడానికి కడపలో మా వీధి బడి ముందు ఆడవాళ్ళ వరుసలో నిలబడి ఉంటే, గేటు పక్కన తోపుడుబండి మీద ఇసుకలో వేగుతున్న వేరుశనక్కాయల వాసన వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. మగవాళ్ళ వరుసలోంచి మా ఆయన ఏమిటన్నట్టు చూశారు. మా అమ్మ ఒకప్పుడు ఎన్నికల్లో ఓడిపోయింది ఈ వాసన వల్లేనని అంత దూరం నుంచి ఎలా చెప్పను?

ఎనభైల మొదట్లో మేము కువైట్‌లో, అబ్బాసియాలో ఉండేవాళ్ళం. నాన్నది చిన్న టైలరు షాపు, దాని వెనకే మా రెండు గదుల ఇల్లు. అక్కడి సెలవురోజు శుక్రవారం వచ్చిందంటే అది ఇల్లులాగే ఉండేది కాదు. ఇస్త్రీపెట్టె వేడి, కొత్త గుడ్డల వాసన, అమ్మ పోపులో వేసిన ఎండుమిరపకాయల ఘాటు, ఎంత తుడిచినా కిటికీ సందుల్లోంచి వచ్చి చాపల మీద పరుచుకునే సన్నటి ఇసుక, జాకెట్లు కుట్టించుకోవడానికని వచ్చి ఊరి సంగతుల్లో పడి సాయంత్రం దాకా కదలని ఆడవాళ్ళు. పిల్లలం దారపు రీళ్ళతో రైళ్ళు చేసి, కత్తిరింపు ముక్కలతో బొమ్మలకు చీరలు కట్టి, కుట్టుమిషను కింద మాకంటూ ఇంకో ఊరు కట్టుకునేవాళ్ళం.

అలా వచ్చేవాళ్ళలో గంగులమ్మ ఒకామె. పడమట జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆమె భర్త సుబ్బన్నకు దక్షిణాన వఫ్రాలో, తోటల్లో పని. అటు బస్సులు అంతంతమాత్రం, ఇద్దరికీ సెలవులు కలిసేవి కావు. ఒకే దేశంలో ఉండి, ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమెకు కొలతలు తీస్తూ ఈ మాట విన్న అమ్మ, టేపు మెడలో వేసుకుని అలాగే కూర్చుండిపోయింది.

మా తెలుగు సంఘానికి పెద్ద ఎప్పుడూ కిరాణాకొట్టు మస్తాన్ పెదనాన్నే. రాయచోటి మనిషి, వెన్నలాంటివాడు, కానీ సంఘం డబ్బంతా మైకుసెట్టు కొనాలని దాచి, ఇంక దేనికీ తియ్యనిచ్చేవాడు కాదు. తాను గెలిస్తే నెలకో శుక్రవారం జహ్రాకూ వఫ్రాకూ వ్యాను పంపిస్తానని అమ్మ ఆయన మీద నిలబడింది. నాన్న సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఇంట్లో గెలుస్తున్నది చాలదా అన్నాడు.

ఓటర్లేమో దేశమంతా చెదిరి ఉన్నారు. ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లు జహ్రాకు కబురు మోశారు, టమాటాల లారీ నడిపే అబ్బాయి వఫ్రా తోటలకు మోశాడు, కొత్త జాకెట్టు కుట్టించుకున్న ప్రతి ఆడమనిషికీ పొట్లంతో పాటు అమ్మ ఉపన్యాసం కూడా అందింది. చిక్కల్లా సెలవుదే. పండగన్నా జ్వరమన్నా కరగని యజమానులు, వీసాలిచ్చిన కఫీళ్ళు కూడా ఎన్నికలు అనే అరబ్బీ మాటకు కరిగారు. ఇంతిఖాబాత్! వాళ్ళూ గుడారాలు వేసి, టీలు పోసి ఎన్నికలు జరుపుకునేవాళ్ళే కదా, నవ్వేసి యల్లా, వెళ్ళిరండి అన్నారు. గంగులమ్మ 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు మాత్రం నవ్వలేదట. అప్పట్లో అక్కడి ఆడవాళ్ళకు ఓటు లేదు. నాకే లేనిది నీకుందా అని ఆశ్చర్యపోయి, వేసొచ్చి ఎలా ఉంటుందో తనకు చెప్పమని కారిచ్చి పంపిందట.

చదువురానివాళ్ళే ఎక్కువ కాబట్టి గుర్తులు పెట్టారు. పెదనాన్నది ఖర్జూరం. అమ్మది ఊరి నుంచి ఎవరో మోసుకొచ్చిన వేయించిన శెనిక్కాయ. ఒక్కొక్కరికి రెండూ చేతిలో పెడతారు, నాన్న షాపులోని తెర వెనక్కి వెళ్ళి, కావలసినదాన్ని నేతిడబ్బాలో వేసి రెండోది తినెయ్యాలి. గుమ్మం దగ్గర అమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది, "శెనిక్కాయ మనది, మరిచిపోవద్దండి." 

గంగులమ్మ, సుబ్బన్న మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. ఏడాది తర్వాత చూసుకున్నవాళ్ళు ఏమేమో మాట్లాడుకుంటారని మేం పిల్లలం చెవులు రిక్కిస్తే, ఆయన చిక్కిపోయినావే అన్నాడు, ఆమె నువ్వూ అంతేగా అంది, ఇద్దరూ వెళ్ళి వరుసలో నిలబడ్డారు. నాకప్పుడు చప్పగా అనిపించింది.

సాయంత్రం డబ్బా బోర్లిస్తే అన్నీ ఖర్జూరాలే. అడుగున నాలుగైదు శెనిక్కాయలు. అమ్మ మొహం పాలిపోయింది. ఇంతలో ఎవరో తెర పక్కకు లాగారు. నేల కనిపించకుండా తొక్కలు! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే గంగులమ్మే ముందుకొచ్చింది.

"మనదన్న్యావని తిన్న్యామక్కా. ఊరి శెనిక్కాయ నోటికి తగిలి యెన్నాళ్ళాయ. మా ఆయప్ప గూడా తనది నా చేతిలోనే పెట్న్యాడు."

నాన్న కత్తెర కింద పడేసి మరీ నవ్వాడు. అమ్మకు ఏడుపొచ్చింది, వ్యాను పోయిందే అని. గెలిచిన పెదనాన్న మాత్రం, మళ్ళీ వెళ్ళి మెట్ల మీద కూర్చున్న ఆ ఇద్దరినీ చూసి అమ్మ వైపు తిరిగాడు.

"వ్యాను నేను పంపిస్తాలేమ్మా. అయితే కఫీలు ఒప్పుకోవాల గదా. మళ్ళా నెల గూడా ఇంతిఖాబాతే అని చెప్పు."

ఆ తర్వాత మేము అక్కడున్నన్నాళ్ళూ నెలనెలా ఎన్నికలే. గోంగూర పచ్చడా, చింతకాయ పచ్చడా? ఓళిగలా, పాయసమా? అన్నిటికీ ఓట్లే. కఫీళ్ళకు చెప్పిన మాట అబద్ధం కాకూడదని అమ్మ పట్టుదల. జహ్రాలో ఆ మామా ప్రతిసారీ ఎవరు గెలిచారని అడిగేదట. మైకుసెట్టు పాపం ఎప్పటికీ రాలేదు.

ఆ షాపూ లేదు, ఆ తెరా లేదు, కొలతలిస్తూ కష్టం చెప్పుకునే శుక్రవారాలూ లేవు. అమ్మ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఓటేసి బయటికొచ్చి, వేలి మీద సిరా ఆరకముందే ఒక పొట్లం కొని, మా ఆయన చేతిలో ఒక కాయ పెట్టి, మనది, మరిచిపోవద్దండి అన్నాను. ఆయన ఒలిచి నోట్లో వేసుకున్నారు. మా అమ్మకు ఇంకో ఓటు పోయింది.